మందు అని పిలువబడు విషము

తెలుగునందు మందు అను మాట మిక్కిలి చిత్రమైనది. జ్వరపీడితునకు వైద్యుడు ఇచ్చునదియు మందే, తుపాకిలో కూరునదియు మందే, పగవానికి అన్నములో కలిపి పెట్టినారని ఊరివారు గుసగుసలాడునదియు మందే. ఇటీవల సారాయికి సయితము ఆ పేరే వచ్చినది. వంగకాయను తొలుచు పురుగును చంపుటకై మనము సీసాలలో కొని తెచ్చునది కూడ మందే యైనందున, రైతు “చేనికి మందు కొట్టితిని” అని చెప్పునపుడు రోగికి ఉపచారము చేసినవాని తృప్తి అతని మొగమున కానవచ్చును. “చేనిలో విషము జల్లి వచ్చితిని” అని చెప్పిన రైతును ఇన్నేండ్లలో నేను చూడలేదు. పేరు మంచిదైనచో వస్తువును గడప దాటి లోనికి రానిచ్చుట మన స్వభావము. అట్లు వచ్చిన సీసా అటకమీదనో, దూలమునకు కట్టిన సంచిలోనో, కొన్ని యిండ్లలో వంటింటి గూటిలో కారపు డబ్బా ప్రక్కననో నివాస మేర్పఱచుకొనుచున్నది.

పురుగుమందులను ఒక్క దినమున మానివేయుడని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయుటలేదు. పొలములలో ప్రదర్శనములు చేయుటయే వృత్తిగా గలవాడను గనుక, చీడ పట్టిన చేనియెదుట నిలిచిన కాపుయొక్క భయము నాకు తెలియును. నా వాదము ఇంతకంటె చిన్నది. విషమును అమ్మిన సహకార సంఘము డబ్బు పుచ్చుకొనుటతో తన పని ముగిసినదని తలపరాదు; ఆ డబ్బా ఖాళీయై తిరిగి సంఘపు గుమ్మము చేరువఱకు అది సంఘముయొక్క పూచీయే. ఇది నా గట్టి యభిప్రాయము. ఇట్లు ఏల చెప్పుచున్నానో సభ్యులు దయచేసి వినవలెను.

2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రమున సారన్ జిల్లాలోని గండామన్ అను గ్రామపు పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిన్న పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెను మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు నిలువయుంచిన డబ్బాలో పోసి యుంచినారని పరీక్షలలో తేలినది. ఆ పిల్లల తల్లిదండ్రులు మనవంటి రైతులును కూలీలును. ఆ మందు మనకు క్రొత్తది కాదు. మన జిల్లాలలో వరికిని ప్రత్తికిని మిరపకును దానిని వాడని ఊరు అరుదు. కూరగాయలపై దానిని వాడరాదని 2005లోనే ప్రభుత్వము ఉత్తరువు చేసినను వంగతోటలలో అది చాల కాలము కనబడుచునే యుండెను. తుదకు 2023లో దాని 36 శాతపు ద్రవమును కేంద్రప్రభుత్వము నిషేధించినది. నిషేధము కాగితముమీదనే వచ్చినది. పాత డబ్బాలు మాత్రము మన పెరళ్లలో ఇంకను ఉన్నవి. వానికి పిడి బాగుండును, మూత గట్టిగా బిగియును, కారవు, పగులవు. కిరసనాయిలు పోసికొనుటకు, పొలమునకు మజ్జిగ తీసికొనిపోవుటకు, చివరకు ఆవనూనె దాచుటకు ఇంతకంటె మంచి పాత్ర పేదవానికి ఎక్కడ దొరకును? తప్పు పేదవానిది కాదు. ఇంత చక్కని డబ్బాను అతని చేతి కిచ్చి, పిదప దాని సంగతి అడుగనివారిది.

బూడిదతో నాలుగుసార్లు తోమితిని, కుంకుడురసముతో కడిగితిని, ఇంక నేమి భయము అని స్త్రీలు అడుగుదురు. లోహపుగిన్నెకు పనికివచ్చు న్యాయము ప్లాస్టికునకు పనికిరాదు. నూనెవంటి స్వభావముగల విషము ఆ ప్లాస్టికు గోడలోనికే యింకి, పిదప అందులో పోసిన నూనెలోనికి కొంచెము కొంచెముగా దిగును. కంటికి కనబడదు, అన్నివేళల వాసనయు తెలియదు. బైబిలునందు ఎలీషా ప్రవక్త కథలో కరవుకాలమున ఒకడు తెలియక అడవికాయలు కోసి తెచ్చి కూరకుండలో తరిగి వేయగా, తినుచున్నవారు నాలుకకు తగులగానే కేకలు వేసినట్లును, ప్రవక్త కొంచెము పిండి వేయగా కుండ బాగుపడినట్లును చదువుదుము. నేటి విషము నాలుకను మోసగింపగలది. అట్టి పిండియు మనవద్ద లేదు.

ఇట్టి అనుభవము దేశమునకు 2013లోనే మొదటిసారిగా కలిగినది కాదు. 1958లో కేరళమునను మద్రాసు రాష్ట్రమునను పెరాథియాన్ అను పురుగుమందు తగిలిన గోధుమపిండి మొదలగు ఆహారపదార్థములు తిని నూఱుమందికి పైగా చనిపోయిరి. విషపు పీపాలను తినుబండారముల సరకుతోపాటు రవాణా చేసినందున, అవి కారి యింత జరిగినది. విచారణకై జస్టిస్ షా కమిషను ఏర్పడినది. దాని తరువాతనే 1968లో కీటకనాశినుల చట్టమును, 1971లో నియమములును వచ్చినవి. ఆ నియమములలోనే ఖాళీ డబ్బాలను మఱల వాడుటకు వీలులేకుండ పగులగొట్టి జనావాసమునకు దూరముగా పూడ్చవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. చట్టము పుట్టి అర్ధశతాబ్దము దాటినది. పగులగొట్టి పూడ్చిన డబ్బాను మీలో ఎందఱు చూచితిరి?

డబ్బాకంటె ప్రమాదకరమైన అలవాటు మఱియొకటి కలదు. లీటరు సీసా కొనలేని చిన్నరైతు పొరుగువానివద్ద పావు లీటరు గడ్డిమందు అడిగి, సారా సీసాలోనో శీతల పానీయపు సీసాలోనో పోయించుకొని ఇంటికి తెచ్చును. పారాక్వాట్ అను గడ్డిమందు ఒకటి రెండు గుక్కలు లోనికి పోయిన చాలును, మూత్రపిండములును ఊపిరితిత్తులును చెడును. దానికి విరుగుడు ఇంతవఱకు ఏ దేశపు వైద్యులును కనుగొనలేదు. చీకటిలో దాహము వేసి చేయి చాపినవానికి ఆ సీసా ఏదని చెప్పువారెవ్వరు? అసలు డబ్బామీద త్రిభుజపు గుర్తు ఉండును. ఎఱుపు మిక్కిలి ఘోరమైన విషమునకు, పసుపు దాని తరువాతిదానికి, నీలము మధ్యమమునకు, పచ్చ తక్కువ విషమునకు గుర్తు. చదువురానివానికి కూడ తెలియవలెనని పెట్టిన గుర్తు అది. మందును వేఱు సీసాలోనికి మార్చిన క్షణమున ఆ గుర్తు వెనుకనే నిలిచిపోవును.

మూత్రపిండము అను మాట వచ్చినది గనుక ఉద్దానము సంగతి చెప్పక తప్పదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరితోటల నడుమ, జీడితోటల నడుమ బ్రదుకుచున్న కష్టజీవులకు, మధుమేహము లేకున్నను రక్తపుపోటు లేకున్నను మూత్రపిండములు ఎండిపోవుచున్నవి. రెండు దశాబ్దములకు పైగా వైద్యులు, పరిశోధకులు వచ్చి రక్తము, నీరు, మన్ను పరీక్షించుచున్నారు. కారణము నేటికిని తేలలేదు. నీటిలోని ఇసుకపదార్థమని కొందఱును, ఎండలో నీరు త్రాగక చెమటోడ్చి పనిచేయుటయని కొందఱును, పురుగుమందులని కొందఱును, నొప్పిబిళ్లలని కొందఱును అనుచున్నారు. పురుగుమందులే కారణమని వేదికలెక్కి చెప్పువారును, వానికి సంబంధమే లేదని ప్రమాణము చేయువారును ఉభయులును నిదర్శనమునకు మించి మాటలాడుచున్నారని నా తలంపు. సింహళమున ఇట్టి వ్యాధియే యున్నది. అచ్చటి ప్రభుత్వము 2015లో గ్లైఫోసేటు గడ్డిమందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు ఆ నిషేధమును సడలించినది. మధ్య అమెరికా దేశములలో చెఱకు నరకు కూలీలకు కూడ ఈ వ్యాధి కలదు. అచ్చట ఎండయు, దాహమును ముఖ్యకారణములుగా పెక్కుమంది ఎంచుచున్నారు.

అయినను, కారణము తేలలేదు గనుక ఏమియు చేయనక్కరలేదను వాదమును నేనొప్పుకొనను. నిప్పు పెట్టినవాడెవడో తేలువఱకు కాలుచున్న యింటిపై నీరు పోయక యుందుమా? ఉద్దానము జీడితోటల సీమ. జీడితోటల సీమయే యైన కేరళములోని కాసరగోడులో ప్రభుత్వపు తోటల సంస్థ 2000వ సంవత్సరము వఱకు ఇరువది యేండ్లకు పైగా ఎండోసల్ఫాను అను మందును విమానములతో చల్లించెను. ఆ గ్రామములలో వికలాంగులుగాను బుద్ధిమాంద్యముతోను పుట్టిన బిడ్డల కథ దేశమంతయు విన్నది. 2011వ సంవత్సరము మే 13వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ మందును దేశమంతట నిలిపివేసినది. అంతకుముందు అనేక సంవత్సరములు అది ప్రమాదములేనిదని చెప్పినవారిలో చదువుకొన్నవారే యధికులు. ఆ కథను ఉద్దానమునకు అతికింపవలెనని నా ఉద్దేశము కాదు. తేలువఱకు ఎదురుచూచిన కాలములో ఎవరి బిడ్డలు మూల్యము చెల్లించిరో గమనింపుడని మాత్రమే నా మనవి.

2023వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ఉద్దానమునకు మంచినీటి పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములగుండ తెచ్చుటకు ఇంచుమించు 700 కోట్ల రూపాయలు వ్యయమైనవి. ఇంత సొమ్ముతో ఒక ప్రక్క మంచినీరు తెచ్చుచుండగా, మఱియొక ప్రక్క మనము తైవాను స్ప్రేయరును తీసికొనిపోయి ఊరి చెఱువులో కడుగుచున్నాము. గెడ్డ గట్టున మందు కలిపి, మిగిలినదానిని గెడ్డలోనే కుమ్మరించుచున్నాము. చేపలు తేలునని మడుగులో మందు కలుపు దుర్మార్గులు కూడ కలరు. ఆ చేపలను కొనువారు వారి ఊరివారే. నొప్పిబిళ్లలను గూర్చి ఒక మాట. మందు కొట్టి వచ్చిన రాత్రి ఒళ్లు నొప్పులకు అంగడిలో రెండు బిళ్లలు కొని, ఖాళీ కడుపున, నీరైనను చాలినంత త్రాగక మ్రింగువారు మనలో వేలకొలది యున్నారు. ఆ బిళ్లలు మూత్రపిండములకు హాని చేయునని వైద్యశాస్త్రమున సందేహము లేదు. ఇది వ్యవసాయశాఖ పని కాదని నన్ను కొందఱు ఆక్షేపింతురు. వారి ఆక్షేపణ నాకు పట్టదు.

మఱి మన చేతిమీదుగా పట్నవాసులకు పోవుచున్న దానిమాట యేమి? రామభద్రపురము కూరగాయల సంతకు తెల్లవారుజామున దిగు వంగ, బెండ, దొండ గంపలను చూడుడు. నిగనిగలాడు కాయకు వ్యాపారి ఎక్కువ ధర యిచ్చును. పుచ్చు కనబడిన కాయను ప్రక్కకు త్రోయును. కావున సాయంకాలము కొట్టి ఉదయము కోయువారు కలరు. ప్రతి మందు డబ్బామీదను, కొట్టిన తరువాత ఎన్ని దినములు ఆగి కోయవలెనో వ్రాసియుండును. కొన్నిటికి మూడు దినములు, కొన్నిటికి వారము, కొన్నిటికి అంతకంటె ఎక్కువ. వంగతోటను రెండు మూడు దినముల కొకసారి కోయువానికి వారము ఆగుడని చెప్పుట సులభము, చేయుట కష్టము, అది నేనెఱుగుదును. అట్టివాడు వారము ఆగవలసిన మందును కొననే రాదు. అమ్మువాడు, నీవేమి పంటకు, ఎప్పుడు కోయుదువు అని అడిగి ఇచ్చినయెడల ఈ చిక్కే యుండదు. ప్రైవేటు దుకాణదారుడు అడుగడు. సంఘపు గుమాస్తాయైనను అడుగవలదా? 2020వ సంవత్సరము డిసెంబరులో ఏలూరులో ఆరువందలకు పైగా జనులు హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయిరి. కొందఱి రక్తమున సీసము, నికెలు ఉన్నవని ఢిల్లీలోని వైద్యసంస్థయు, పురుగుమందుల శేషములున్నవని హైదరాబాదులోని పోషకాహార సంస్థయు చెప్పినవి. నీరా, కూరయా అని ప్రజలు కొంతకాలము దేనిని ముట్టుటకును భయపడిరి. ఆ దినములలో కూరగాయలు అమ్ముకొనలేక ఏడ్చినవాడు రైతే. కొనువాని నమ్మకము పోయినచో మొదట పోవునది మన బేరము.

మందు కొట్టు కూలీని గూర్చి మన పత్రికలు వ్రాయవు. 2017లో మహారాష్ట్రమున యవత్మాల్ జిల్లాలో ప్రత్తిచేలకు మందు కొట్టినవారిలో ఇరువదిమందికి పైగా చనిపోయిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. ప్రత్తి మనిషి ఎత్తు పెరిగియుండగా దాని నడుమ నిలిచి కొట్టిరి. ముక్కుకు గుడ్డయైనను లేదు. మన యొద్దను అంతే. పంచె మోకాలిపైకి చెక్కి, బనీను తొడుగుకొని, గాలికి ఎదురుగా నడచుచు, నడుమ బీడీ వెలిగించి, అదే చేతితో చోడి అంబలి త్రాగు కూలీని నేను ప్రతి పంటకాలమున చూచుచున్నాను. చెమట విపరీతముగా పట్టుట, నోట చొంగ కారుట, కన్నుపాప సూదిమొనవలె చిన్నదగుట, వాంతి, ఊపిరాడకుండుట కనబడినచో అది ఎండదెబ్బ యని నీడను పరుండబెట్టరాదు. బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, 108 బండి పిలిచి, మందు డబ్బాను కూడ వెంట తీసికొనిపోవలెను. కొన్ని విషములకు అట్రోపిన్ అను విరుగుడు ఆసుపత్రిలో కలదు. ఏ విషమో తెలిసినగాని వైద్యుడు సరియైన చికిత్స చేయలేడు. పసరులకై పరుగెత్తినచో ఆ గంట పోయినట్లే.

ధాన్యమున పెట్టు బిళ్లల సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. పూర్వము మన యూళ్లలో వెంటి చుట్టి పురి కట్టి, బాగుగ ఎండిన ధాన్యమును పోసి పైన గడ్డి కప్పిన, మఱుసటి పంటవఱకు నిలిచెడిది. ఇప్పుడు బస్తాలను పడకగదిలోనే పేర్చి, అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను గుడ్డలో కట్టి నడుమ దోపువారున్నారు. గాలిలోని తేమ తగిలి ఆ బిళ్ల విషవాయువును విడుచును. ఆ గదిలో నిద్రించువారు లేవకపోవచ్చును. దీనికిని విరుగుడు లేదు. శిక్షణ పొందినవారికి తప్ప ఇతరులకు అమ్మరాదని నిబంధన యున్నను, అడిగినవానికెల్ల అది దొరకుచున్నది.

ఇంక నా ప్రతిపాదన. ఎరువులతోపాటు పురుగుమందులు అమ్ము ప్రతి సంఘమును, డబ్బా ఒక్కింటికి పది రూపాయలు అధికముగా పుచ్చుకొని, ఖాళీ డబ్బాను తెచ్చినపుడు ఆ పదియు తిరిగి యియ్యవలెను. తెచ్చువాడు డబ్బాను పొలముననే మూడుసార్లు కడిగి, కడిగిన నీటిని స్ప్రేయరులోనే పోసి, అడుగున మేకుతో చిల్లు పొడిచి తేవలెను. మూడుసార్లు కడిగిన నీరు చేనికే పోవును గనుక మందు వృథా కాదు. కొన్న సొమ్మంతయు దక్కినట్లే. చిల్లు పడిన డబ్బాలో ఎవ్వరును నూనె పోయరు. సంఘము వానిని తాళము వేసిన గదిలో ప్రోగుచేసి, ఏడాదికి రెండుసార్లు కంపెనీవారికి ఒప్పగింపవలెను. ప్లాస్టికు వేష్టనములను తిరిగి సేకరించు బాధ్యతను 2022లో కేంద్రప్రభుత్వము తయారీదారులపైననే మోపియున్నది గనుక, వారు కాదనుటకు వీలులేదు.

ఇది కలలోని మాటయని నవ్వువారికి బ్రెజిలు దేశమును చూపెదను. అచ్చట 2000వ సంవత్సరములో చట్టము చేసి, రైతు కడిగి తిరిగి యియ్యవలెననియు, అమ్మినవాడు పుచ్చుకొనవలెననియు, కంపెనీ తీసికొనిపోవలెననియు ముగ్గురకును పని పంచిరి. నేడు అచ్చటి ప్లాస్టికు డబ్బాలలో నూటికి తొంబదికి పైగా వెనుకకు వచ్చుచున్నవి. వారి రైతులు మనకంటె బుద్ధిమంతులు కారు. వారికి చోటు చూపినవారు ఉన్నారు, అంతే.

మందులే వలదనువారికి కూడ మన తెలుగుదేశమున మార్గము లేకపోలేదు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము ప్రత్తి పండించుచునే 2003 నాటికి పురుగుమందులను పూర్తిగా విడిచినది. వేపగింజల కషాయమును, మిరప వెల్లుల్లి రసమును, లింగాకర్షక బుట్టలును వారి ఆయుధములు. ఆ మార్గమున పోగలవారు పోవలెను. పోలేనివారి డబ్బాల సంగతియే నేను మాటలాడుచున్నది.

సంఘమునకు ఖర్చగునని పాలకవర్గ సభ్యులు కొందఱు ఇదివఱకే నాతో అనిరి. గదికి తాళమును, మేకును, సుత్తియు తప్ప ఖర్చేమియు నాకు కానరాలేదు. పది రూపాయలు రైతువే, రైతునకే పోవును. తిరిగిరాని డబ్బాల పది సంఘమున మిగులును. దానితో చేతితొడుగులు కొని కూలీలకు ఇయ్యవచ్చును. గుమాస్తాకు పని పెరుగుననిరి. ఏ సభ్యునికి ఎన్ని డబ్బాలు అమ్మినది స్టాకు రిజిస్టరులో ఇప్పుడును వ్రాయుచునే యున్నారు. ఎన్ని తిరిగి వచ్చినవో వ్రాయుటకు ఆ గడి ప్రక్కన మఱియొక గడి గీయవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానము ప్రవేశపెట్టదలచిన సభ్యులు సమావేశపు నోటీసు వెలువడకముందే కార్యదర్శికి వ్రాసియిచ్చిన, అజెండాలో చేర్చుటకు వీలగును.